ఉప్పు తగ్గించమని

మొయినాక్‌లో చివరి వీధి, చివరి ఇల్లు.
నెలకోసారి రక్తపోటు చూడ్డానికి వెళ్తాను.
ఈసారి జిల్లా ఆసుపత్రి వాళ్ళు ఒక కాగితం కూడా ఇచ్చారు:
జీవన నాణ్యత, ఇరవై ప్రశ్నలు,
సున్నా నుంచి పది దాకా గళ్ళు.

నిద్ర పడుతోందా, బిబిసారా అవ్వా?
"గాలి లేని రాత్రి పడుతుంది."
గాలి లేని రాత్రి ఈ ఊరికి ఎప్పుడొచ్చిందని!
మొహమాటానికి నాలుగు మీద సున్నా చుట్టాను.

ఆకలి?
"చేపల ఫ్యాక్టరీలో రోజుకి రెండు వేల డబ్బాలకి
మూతలు బిగించిన చేతులివి.
ఆయన పోయాక చేప ముట్టలేదు."
ఇప్పుడు ముడదామన్నా ఊళ్ళో చేప లేదు.
ఆమె పెట్టుకున్న ఒట్టుని
ఊరు ఊరంతా పాటిస్తున్నట్టుంది.

ఒతెగెన్ పడవ తిరగబడ్డనాడు ఆమెకి ఇరవై రెండు.
పడవ దొరికింది. మనిషి దొరకలేదు.
కొన్నాళ్ళకి సముద్రమే వెనక్కి నడవడం మొదలుపెట్టింది,
బాకీ ఉన్నవాడు మనల్ని చూసి సందు మళ్ళినట్టు
చప్పుడు లేకుండా.
అందరూ ఏడ్చారు, పడవల కోసం, వలల కోసం, జీతాల కోసం.
ఈమె ఒక్కతే లోలోపల సంతోషించిందట.
నీళ్ళు దిగితే ఆయన బయటపడతాడు కదా.

ప్రతి ఆదివారం
తడారని అడుగునేల మీద నడిచింది.
లంగరు దొరికింది. ఎవరిదో ఒంటి బూటు.
గవ్వలు, సీసాలు, తుప్పు తిన్న గరిటె.
నీరు మైలు జరిగితే తనూ మైలు జరిగింది.
భార్య పోయిన బడిపంతులొకాయన పెళ్ళాడతానని కబురంపితే
"వెతకడం కానియ్యి ముందు" అందట.
ఆయన అయిదేళ్ళు ఆగి
నుకుస్‌కి బదిలీ చేయించుకున్నాడు.
పళ్ళు ఊడితే కట్టించుకోలేదు.
కంట్లో పొర కమ్మితే తీయించుకోలేదు.
అక్క కూతురి పెళ్ళికి వెళ్ళలేదు:
ఆ వారం గాలి గట్టిగా ఉంది,
ఇసుక కదిలితే ఏదైనా తేలొచ్చు.

మోకాళ్ళు ఆగిన చోట వెతుకులాట ఆగింది.
నీళ్ళు మాత్రం ఆగలేదు.

తొమ్మిదో ప్రశ్న: కోపం వస్తుందా?
చాలాసేపు ఆలోచించింది.
టీ చల్లారి మీద తెట్టు కట్టింది.
"తీసుకుపోయింది ఏదో అదే చచ్చిపోయింది.
ఇంకెవరి మీద పడనే, పెరిజాత్?
పగవాడి చావుకీ
నేనే ఏడవాల్సొచ్చింది."

దీనికి గడి లేదు కాగితంలో.
పట్టీ చుట్టాను. నూట తొంభై, నూట పది.
అవ్వా, ఉప్పు తగ్గించాలి.

నవ్వింది.
ఏడేళ్ళుగా వస్తున్నాను,
ఆమెకింకా రెండు పళ్ళున్నాయని అప్పుడే తెలిసింది.
కిటికీ వైపు వేలు చూపించింది.
గుమ్మటం మీద తెల్లగా ఒక పొర,
దుప్పటి మీద, రొట్టె మీద, రేడియో మీద.
ఎండిన కడలి అడుగు నుంచి
ఉత్తరపు గాలి తెచ్చిపోసేది.

గుండెకి మంచిది కాదు, ఊపిరితిత్తులకీ కాదు,
మూసేసుకో అన్నాను.

"యాభై ఏడేళ్ళు నేనే పోయాను ఆయన కోసం.
ఇప్పుడిలా చిటికెడు చిటికెడు
తనే వస్తున్నాడు.
వేసెయ్యమంటావా?"

మాత్ర మార్చి రాశాను.
ఇరవయ్యో ప్రశ్న, మొత్తమ్మీద మీ జీవితం ఎలా ఉంది,
అడగకుండానే కాగితం మడిచాను.
నర్సుని కదా,
మూసే రావాలి నేను.
గొళ్ళెం దాకా వెళ్ళింది చెయ్యి.