ఆవిరి

ముప్ఫై ఎనిమిదేళ్ళు హీయుమా దీవిలో టపా మోశాను,
వేసవంతా సైకిలు మీద, చలికాలమంతా మంచుబండి మీద.
ఏ ఉత్తరం ఎంత బరువో వేళ్ళకి తెలుసు.
లోపలేముందో మాత్రం
ఒక్కనాడూ అడగలేదు.

అడిగేవాళ్ళు వేరే ఉండేవాళ్ళు.
పట్నంలో, టపా కచేరీ వెనక గదిలో
కెటిల్ ఎప్పుడూ మరుగుతుండేది.
అక్కడెవరూ టీ తాగేవాళ్ళు కాదు.
నా సంచిలోకి వచ్చేసరికి
కవరు అంచు కాస్త అలలు తిరిగి
జిగురు కొత్తగా మెరిసేది.
చూసేదాన్ని. ఇచ్చేసి వచ్చేదాన్ని.

మైమూ, నా కవల,
నాకంటే పదకొండు నిమిషాలు పెద్దది,
పోయిన ఆకురాలు కాలంలో ఒక గొట్టంలో ఉమ్మి
తన అక్షరాలన్నీ మనవడి చేత
నడిబజార్లో పెట్టించింది.
పేరుతో సహా, పుట్టిన ఊరితో సహా.
"శాస్త్రానికి పనికొస్తాను హెల్వే,
ఈ వయసులో నా దగ్గర దాచేదేముంది?"
పొగబెట్టిన చేపలో ముల్లు తీస్తూ అంది.

ఒక్క అండం చీలి ఇద్దరమయ్యాం.
దాని మూడు వందల కోట్ల అక్షరాల్లో
నావి కానివి గుప్పెడుండవు.
సంతకం దానిది,
ఒళ్ళు ఇద్దరిది.
కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు.
మైమూ చించుకుంది,
నా కాళ్ళ మీద పడింది.

ఇప్పుడు ముక్కూ మొహం తెలియనివాడెవడో
భోంచేశాక తీరిగ్గా చదువుకోవచ్చు
నా చూపు ఏ వైపు నుంచి చీకటి పడుతుందో,
నా మతి ఏ మెట్టు మీద జారుతుందో,
నేను నా కూతురికేమిచ్చానో,
అది తన కొడుక్కేమిచ్చిందో,
వాడు మొన్న పుట్టిన పిల్లకేమిచ్చాడో.
ఆ పిల్లకింకా పళ్ళు రాలేదు.
అప్పుడే అరపావు వంతు అచ్చయిపోయింది.

మైమూతో ఆరు వారాలు మాట్లాడలేదు.
సౌనా మాత్రం మానలేదు. ప్రతి శనివారం
ఒకే బల్ల మీద రెండు ఎర్రటి వీపులు,
రాళ్ళ మీద నీళ్ళు చిమ్మిన చప్పుడొక్కటే.

తర్వాత క్రాస్నోయార్స్క్ నుంచి ఒకామె రాసింది.
తైసియా. పశువుల డాక్టరు పని చేసి రిటైరయిందట.
ఫోటోలో ముందు చెవులు చూశాను.
నాన్న పెళ్ళిఫోటోలో ఉన్న చెవులే,
గాలికి వాలిన ఆకుల్లా అంచులు ముందుకి తిరిగి.
మేం తొట్టెలో ఉండగా వాళ్ళు తీసుకెళ్ళిన మనిషి
అక్కడ ఇంకో తొట్టె ఊపాడు.
"చూశావా, చెల్లెలు దొరికింది" అని మైమూ ఏడ్చింది.
దొరికింది, నిజమే.
కళ్ళు మంచివి. ఆమె మీద నాకేం కోపం?

కానీ అమ్మ పెట్టె అడుగున
ఒక కవరుంది. సైబీరియా ముద్ర, నాన్న చేతిరాత,
అలలు తిరిగిన అంచు.
వెనక గది వాళ్ళు చదివారు.
అమ్మ చదవలేదు.
నలభై ఏళ్ళు నార దుప్పట్ల కింద
చింపకుండా ఉంచింది.
సర్కారు చదివేసిన ఉత్తరాన్ని
తను చదవకపోవడం,
ఆమె వేసుకోగలిగిన గడియ అదొక్కటే.

నా కోసమని మైమూ అంతా తీయించేసింది.
అప్పటికే ఎవరెవరు నకళ్ళు తీసుకున్నారో
లెక్క లేదట.
ఉమ్మిన ఉమ్మి నోట్లోకి తిరిగిరాదు కదా.

ఈ రాత్రి పొయ్యి మీద కెటిల్ పెట్టాను.
కవరు బల్ల మీద ఉంది.
ఆయన ఎప్పుడైనా ఇంటికి రాశాడా అని
తైసియా రెండుసార్లు అడిగింది.
అడిగే హక్కు ఉందేమో తనకి.
నీళ్ళు మరిగి మూత ఎగిరెగిరి పడుతోంది.
రెండు కప్పులు దించాను.
బయట మంచులో మైమూ అడుగులు,
అచ్చం నా అడుగుల్లాగే.