మంట తవ్విన గొయ్యి

బల్బారా అవ్వ జనవరిలో పోయింది.
"ఎప్పుడూ ఇంతే, ఎదుటివాడి వీలు చూడదు"
అన్నాడు ఒహొనోన్, మీసాల మీది మంచు విదుల్చుకుంటూ.

సున్నాకి యాభై ఒక్క డిగ్రీల కింద
తత్తా ఏటి ఒడ్డున నేల నేల కాదు.
పలుగు వేస్తే రవ్వ లేస్తుంది,
దెబ్బ జిల్లుమంటూ భుజం దాకా తిరిగొస్తుంది.
మే నెల దాకా ఆగమని ఎవరికి చెబుతాం?
చచ్చినవాళ్ళకి తొందర లేదు గానీ,
శవమున్న ఇంట్లో పొయ్యి మండించకుండా
కూతురు సర్దానా కోటు తొడుక్కునే కూర్చుంది.

విల్లో పుల్లతో తల్లిని కొలిచి పంపింది ఆమె.
ఆ పుల్ల నా చేతికిచ్చారు.
నేను జ్యులుస్‌ని, పంతొమ్మిదేళ్ళు, మొదటిసారి.
పుల్ల నా గడ్డం దాకా కూడా రాలేదు.
ఇంత చిన్న మనిషా
ఊరందరి మీదా అంతలా అరిచింది!

పుల్ల పొడవున మంచు ఊడ్చాం.
లార్చ్ దుంగలు పేర్చి నిప్పు పెట్టాం.
ఎక్కడో దక్షిణాన మనుషుల్నే మంటలో పెడతారట,
సైన్యంలో ఉన్నప్పుడు విన్నానన్నాడు ఒహొనోన్.
మా మంట మనిషిని ముట్టదు.
మట్టి తలుపు తట్టడమే దాని పని.

రాత్రంతా మండితే మూరెడు కరుగుతుంది.
పొద్దున్నే నిప్పులు పక్కకి లాగి
ఆ మూరెడు బురదనీ గబగబా ఎత్తిపొయ్యాలి,
ఆలస్యమైతే పార మీదే గడ్డకడుతుంది.
మళ్ళీ దుంగలు. మళ్ళీ నిప్పు. మళ్ళీ మూరెడు.

రెండో రోజు లోపల ఒక గడ్డిపరక దొరికింది,
పచ్చగా.
ఏ వేసవిదో, ఏ ఆవు వదిలేసిందో.
అరచేతిలోకి తీసుకోగానే నల్లబడింది.

ఆ పరక దగ్గరే ఒహొనోన్ నోరు విప్పాడు.
ముప్పై ఎనిమిదేళ్ళ కిందట
ఏటవతలి గడ్డిబీడు నాదంటే నాదని
ఇద్దరూ మాటలు మానేశారట.
కొట్లో ఎదురుపడితే
ఆమె రొట్టె కొనకుండానే వెళ్ళిపోయేదట.
"ఆ బీడు ఇప్పుడెవరిది?" అన్నాను.
"అడుగున మంచు కరిగి కుంగిపోయింది.
చెరువు ఇప్పుడు. బాతులది."

నాలుగో రాత్రి.
తవ్విన గోతిని ఒంటరిగా వదలకూడదు,
ఖాళీగా ఉంటే ఎవరో ఒకర్ని పిలుచుకుంటుంది.
కాపలా నేనుంటానని ఒహొనోన్ తనే అన్నాడు,
నన్ను ట్రాక్టర్లో పడుకోమన్నాడు.
నిద్ర పట్టక, అద్దం మీది మంచు గోటితో గీకి చూశాను.
ముసలాడు వెన్నముద్ద ఒకటి మంటకి తినిపించాడు.
చేతితొడుగులు విప్పి అరచేతులు చాచాడు.
"నీ పొయ్యి దగ్గర ఒక్కసారైనా
కూర్చోనివ్వలేదు కదే"
అన్నాడు గోతిలోకి.
"ఇదిగో, కూర్చున్నాను."
తర్వాత చాలాసేపు గడ్డి లెక్కలు చెప్పాడు,
ఏ ఏడు ఎన్ని మోపులు, ఎక్కడ తడిసింది,
ఎవరి గుర్రం కంచె దాటింది.
మధ్యలో రెండుసార్లు ఆగాడు,
అవతలి మనిషి చెప్పేది వింటున్నట్టు.

మర్నాడు పెట్టె దింపాం.
పైకి తీసిన మన్నంతా అప్పటికే రాళ్ళు.
గుప్పెడు మన్ను వెయ్యాలంటే
ముందు గుప్పిట్లో వెచ్చబెట్టాలి.
ఊరంతా గోతి చుట్టూ నిలబడి
పిడికిళ్ళు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంది,
మట్టికేదో రహస్యం చెబుతున్నట్టు.
సర్దానాది ముందు రాలింది.
ఒహొనోన్‌ది ఎంతకీ కరగలేదు.
చలికి పిల్లలు ఏడుస్తున్నారు, పోదామన్నారెవరో.
ఆగాం.

పారల కర్రలు మోకాలికేసి విరిచి అక్కడే వదిలాం.
తిరిగొచ్చేటప్పుడు వెనక్కి చూడకూడదు.
నేను చూడలేదు.
ముసలాడు చూశాడా అని అడుగుతారు,
అది చెప్పాలంటే నేను చూసి ఉండాలి.

గుమ్మంలోకొచ్చాక తెలిసింది,
కొలిచిన పుల్ల నా చంకలోనే ఉండిపోయిందని.
దాన్నేం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు.
రెండు ముక్కలు చేసి పొయ్యిలో పెట్టాను.
పచ్చిపుల్ల కదా,
చిటపటమంటూ చాలాసేపు
ఎవరినో తిడుతూనే ఉంది.