సూర్ దారి, పగటిపూట

ట్రిప్పు అంటే నాకిప్పటిదాంక
లోడు.
సూర్ రేవు కాడ రాత్రి పదింటికి
ఐసు పెట్టెలల్ల చాపలు నింపుకొని
తెల్లారకముందే మస్కట్ మార్కెట్ల దించుడు.
పగలంత ట్రక్కు నీడకు నిద్ర.
పొద్దుగుంకినంక ఖాళీ బండితోటి మళ్ల అదే తొవ్వ.
తొమ్మిదేండ్లల్ల ఎన్ని ట్రిప్పులో
సేటు పుస్తకంల ఉంటయి,
నా దగ్గర లెవ్వు.

ఇయ్యాల లింబాద్రి
బేకరీల మైదాపిండి అట్టపెట్టె చింపి తెచ్చి
రూముల నడుమ పరిచిండు.
పండుగకు నాలుగు రోజులు సెలవు.
ఖల్ఫాన్ సారు పాత కారిస్తనన్నడు.
ఏసీ పని చెయ్యది,
కిటికీలు చేస్తయి.

"చెప్పు, ఎటు గీయాలె?"

నేను చెప్తుంటే బాల్‌పెన్ను నడిచింది.
ఖురియాత్ అంటే మూడు స్పీడుబ్రేకర్లు,
వాటెనక ఒక కుక్క మొరుగుడు.
ఫిన్స్ అంటే కుడి చెవుల సముద్రం.
తీవీ అంటే తడిసిన ఖర్జూరపు మట్టల వాసన.
ఖల్‌హాత్ అంటే ఐసు పెట్టెలన్ని ఒక్కదిక్కు జరిగే మలుపు.
ఊర్ల మొఖాలు ఎట్లుంటయని అడగకు.
పెండ్లి పందిట్ల కరెంటు పోయినప్పుడు
పక్కన కూసున్నోళ్ల లెక్క
తొమ్మిదేండ్ల సంది అవ్వి నా పక్కన్నే ఉన్నయి.

"నూటిరవై మీద పోతే
పొద్దన్నే సూర్ చేరి, మద్యానానికి తిరిగొస్చాం గదప్పా,
నాలుగు దినాలెందుకు?" అన్నాడు కడప దస్తగిరి.
వాడు సిమెంటు కంపెనీల టైం కీపరు,
వాని తప్పు కాదు.
చేరనీకె పోతలేం తమ్మీ అన్న.
అరవై దాటితే నీకు స్టీరింగ్ ఇయ్య.
పెద్ద రోడ్డు కనవడంగనే దిగుతం.
పాత రోడ్డు మంచిది, ప్రతి ఊరిని
పేరు పెట్టి పలకరించుకుంట పోతది.

మొదటి దినం ఖురియాత్ దాటొద్దు.
వలలు కుట్టేటోళ్ల పక్కన కూసుందాం,
రమ్మంటే కహ్వా, పొమ్మంటే నీడ.
రెండో దినం కొండల్లకు మర్రుదాం.
ఆడ కాలువ గట్టుకు మామిడి చెట్లున్నయట,
ఒమాన్ల మామిడి!
ఎవలన్న ఒక్క కాయ పెడితే
ఉప్పు, కారం నా జేబుల్నే ఉంటయి.

పెట్రోలుకు పన్నెండు రియాళ్లు.
నీళ్ల డబ్బాలు, బియ్యం, టమాట తొక్కు, చాప...
చాప కొట్టెయ్.
నాలుగు దినాలు దాని మొఖం నేను చూడ.

లింబాద్రి రాసుడు ఆపిండు.
ఏడేండ్ల సంది వానికి ఎండంటే పొయ్యి నోరు.
"అన్న, సముద్రం నిజంగ నీలమే ఉంటదా?"
నన్నడుగుతడేంది.
నాకు తెలిసింది నల్లగనే ఉంటది.

ఇగ ఒక్కటే మిగిలింది, అట్ట కొసకు చిన్న చుక్క.
ఫిన్స్ దాటంగనే పడవలు బాగుచేసే రేకుల షెడ్డు,
దాంట్ల ఒక బల్బు.
నా హారన్ ఇనవడంగనే
అది ఆరి మళ్ల వెలుగుతది.
తొమ్మిదేండ్లు.
ముసలోడో, పిలగాడో,
తెల్లగుంటడో నా లెక్కుంటడో తెల్వది.
ఆడ దిగాలె, పగటిపూట,
ఎదురుంగ నిలవడాలె.

దస్తగిరి అప్పుడన్నాడు:
"కారు హారన్ పీ అంటాది.
నీ లారీది బర్రె అరిసినట్టుంటాది.
ఆయప్ప నిన్ను ఎట్ల గుర్తుపడతాడు?"

ఈ లెక్క నేను ఎయ్యలేదు.

ఇప్పుడు రాత్రి పదకొండు దాటింది.
అట్ట మంచం కిందికి పోయింది.
ముగ్గురం దీపమార్పి, రెండు చేతులు నోటికి అడ్డం పెట్టి
వంతులేసుకొని నా లారీ లెక్క కూస్తున్నం.
పక్క రూమోళ్లు గోడ కొడుతున్నరు.
లింబాద్రిది కొంచెం దగ్గరికొచ్చింది.