పది రూపాయల నోటు

లైసెన్సుకి పదకొండు నెలలు పట్టింది,
రైఫిలు కొనడానికి పదకొండు నిమిషాలు.
చూపించినవాటిలో అన్నిటికంటే చవకది అదే.
బోల్టు వెనక్కి లాగితే
ఎండిపోయిన చేతిపంపులా మూలిగింది.
"దీంతోనా?" అన్నాడు పక్క లేనులో కుర్రాడు.
వాడి జర్మనీ తుపాకి ధరకి
మా బాలానగర్ సందులో ఒక లేత్ మిషను వస్తుంది.

నేను కొలతల మనిషిని.
బండి చక్రాలు చేసిన మా తాత నూలు అనేవాడు,
నేను మైక్రాన్ అంటాను.
రోజుకి నాలుగు వందల బుష్‌లు
నా వేళ్ళ మధ్య నుంచి పోతాయి,
తప్పినవాటికి ఎర్ర రంగు పూస్తాను.
ఆదివారం గచ్చిబౌలి రేంజిలో
యాభై మీటర్ల అవతల కాగితం మీద
నాకు నేనే ఎర్ర రంగు.

అయిదు తూటాలు, అయిదు దిక్కులు.
పెళ్ళిలో అలిగిన చుట్టాల్లా
ఒకదాని ముఖం ఒకటి చూడకుండా కూర్చున్నాయి.

ఖుద్దూస్ సాబ్ ఏమీ అనలేదు.
జేబులోంచి పది రూపాయల నోటు తీసి
గొట్టానికీ కర్రకీ మధ్య దూర్చి
మెల్లగా వెనక్కి జరిపాడు.
సగంలో ఆగింది.
"ఇక్కడ పట్టుకుంటోంది బేటా.
గొట్టం గాలిల ఉండాలె. దాన్ని ఎవ్వరూ ముట్టొద్దు,
దాని సొంత కర్ర గూడ."

మూడు రాత్రులు గరుకు కాగితంతో గీకాను.
వాన పడిన రోజు కర్ర ఉబ్బి
నోటు మళ్ళీ ఆగింది.
మళ్ళీ గీకి, ఈసారి
నీళ్ళు తాగకుండా వార్నిష్ పట్టించాను.
కింది రెండు స్క్రూలనీ
వర్క్‌షాపు టార్క్ రెంచితో ఒకే లెక్కకి బిగించాను,
రెంచి అరువిచ్చిన స్టోర్స్ సంగమేశ్వర్‌కి
నాలుగు లుక్మీలు.

తర్వాత తూటాల వంతు.
నాలుగు రకాలు, ఒక్కో డబ్బాలోంచి పది.
ఖరీదైనవి గర్వంగా చెదిరాయి.
దీనికి నచ్చింది ఏదంటే
అన్నిటికంటే నెమ్మదిగా పోయే నాసి రకం.
ఆ డబ్బా మీది లాట్ నంబరు
మా అక్క ఫోన్ నంబరు కంటే బాగా గుర్తు నాకు.
ఆ నంబరువి ఎన్నుంటే అన్నీ ఇమ్మన్నాను,
జీతం రావడానికి ఇంకా ఆరు రోజులుండగా.

అయినా ఒకటి ఎగురుతోంది.
నాలుగు ఒకే చోట,
శెనగగింజ పెడితే మూసుకుపోయేటంత.
అయిదోది ఎడమకి,
గడప దగ్గర చెప్పులు వెతుక్కునేవాడిలా.

తుపాకి విప్పాను. తుడిచాను.
స్క్రూలు సరిగానే ఉన్నాయి. నోటు జారింది సాఫీగా.
సాబ్ తన డెబ్బై ఏళ్ళ మోకాళ్ళని బతిమాలుకుని
నా పక్కన చాప మీద బోర్లా పడుకున్నాడు.
లక్ష్యాన్ని కాదు,
నా మోచేతిని చూశాడు చాలాసేపు.
"నాలుగు అయినంక లెక్క పెడుతున్నవ్.
అయిదోది తూటా కాదు బేటా, ఆశ."

గురి కుదిరితే గుణం కుదురుతుందంటారు.
నా దగ్గర వరస తిరగబడింది.

ఇప్పుడు ఇంట్లో గోడ మీద ఆవగింజంత చుక్క.
పక్కింటి మిక్సీ ఆగాక,
గది రెండుసార్లు చూసుకున్న ఖాళీ తుపాకితో,
సగం ఊపిరి వదిలి, సగం దాచుకుని
ట్రిగ్గర్ నొక్కను,
పాల మీద మీగడ తీసినట్టు
వేలిని దగ్గరికి తెచ్చుకుంటాను.
టిక్.
చుక్క కదిలిందా?
టిక్.
కదిలింది.
నోట్‌బుక్‌లో అడ్డగీత.

పోయిన ఆదివారం గాలి కుడి నుంచి.
వెదురుపుల్లకి కట్టిన నా పాత చున్నీ పేలిక
లేచి, పడి, లేచి, పడింది.
పడినప్పుడే కాల్చాను, అయిదూ.
కాగితం తెమ్మని సాబ్‌ని పంపాను.
ఆయన మడిచి చేతిలో పెట్టాడు.
చాయ్ వచ్చేదాకా విప్పలేదు.

అయిదూ ఉన్నాయి. ఒకటి కాస్త ఎడమకే.
ఎర్ర రంగు పూయబుద్ధి కాలేదు.

చాయ్ డబ్బులకి సాబ్ జేబు తడుముకుని
నలిగిన నోట్లు బల్ల మీద పరిచాడు,
అందులో నూనె మరక పడిన పది.
"అది మాత్రం ఇవ్వకండి" అన్నాను,
నా నోటు పెట్టి దాన్ని లాక్కుంటూ.