ఏడో కాలిక్యులేటర్

కాస్త్రోలో వాన వారానికి ఎనిమిది రోజులు.
కట్టెల పొయ్యి పక్కన నా బల్ల,
బల్ల నిండా విప్పిన కుట్టుమిషన్ల పొట్టలు,
వాటి మధ్య, లైబ్రరీ వాళ్ళు వద్దనుకున్న కంప్యూటర్.
"పాత సిస్టమ్‌ని ఇదిక మొయ్యలేదు ఎదెల్మీరా,
లినక్స్ వేశాను, భయపడకు" అని
లిసాంద్రో చేతులు దులుపుకుని
రెండున్నర పడవకి తన దీవికి వెళ్ళిపోయాడు.

బటన్ నొక్కితే
నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు
గబగబా పైకి పాకుతూ,
ఎవరో నా ముందే
నాకు తెలియని భాషలో
నా గురించే చెప్పుకుంటున్నట్టు.
తర్వాత నీలం.

సోమవారం ఒక కాలిక్యులేటర్ తెరుచుకుంది.
అది నేను రమ్మన్నదే,
బాకీల లెక్కతోనే కదా నాకు తెల్లారేది.
మంగళవారం రెండు.
బుధవారం మూడు, ఒకదాని మీద ఒకటి,
ఎంగిలి పళ్ళేల దొంతరలా.

నలభై ఏళ్ళుగా మిషన్లు బాగుచేస్తున్నాను.
కుట్టు తప్పితే ముందు సూది మార్చు,
తర్వాత దారం, ఆ తర్వాత బాబిన్.
ఒక్కసారికి ఒక్కటే.
రెండూ కలిపి మార్చావో,
బాగైనా ఎందుకు బాగైందో తెలిసి చావదు.

గురువారం మౌస్ పీకి చూశాను. నాలుగు.
శుక్రవారం ఇంటర్నెట్ తీగ పీకాను. ఐదు.
శనివారం ఏమీ పీకలేదు, ఆరు.
ఆ రాత్రి ఒళ్ళు మండి
బటన్ అదిమి పట్టుకుని
గొంతు నులిమినట్టు ఆపేశాను.
ఆదివారం మళ్ళీ ఆరే.
పెరగలేదు!
నోటుపుస్తకంలో రాసి, కింద రెండు గీతలు గీశాను,
ఎందుకో అర్థం కాకుండానే.
సోమవారం ఏడోది వచ్చి కూర్చుంది.

తప్పు మిషన్‌దా, కుట్టే చేతిదా తేలాలంటే
ఇంకో చేత్తో కుట్టించాలి.
ఇంట్లో ఇంకెవరున్నారు, పిల్లి తప్ప.
మోర్సియా పేరున ఖాతా తెరిచాను,
పాస్‌వర్డ్: చేప.
నలుపు, అక్షరాలు, నీలం.
ఏమీ రాలేదు.
కాసేపు చూశాను, పొయ్యిలో కట్టె విరిగేదాకా.
అప్పటికీ ఏమీ రాలేదు.
పిల్లిగారి డెస్క్‌టాప్ నాకిన గిన్నెలా
శుభ్రంగా ఉంది.

అయితే దొంగ నా గదిలోనే.
ఫోల్డర్లోంచి ఫోల్డర్లోకి తిరిగాను,
పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు.
పేరు ముందు చుక్క పెడితే చాలట,
ఫోల్డరు కంటికి కనబడదట.
ఒక్క చుక్క చాటున
ఎంత సంసారం!

దొరికింది.
మొదటి సాయంత్రం ఆపబోతుంటే అడిగింది:
ఇప్పుడున్నదంతా రేపటికి గుర్తుంచుకోనా?
కొత్త చుట్టం, మొహం మీద కాదంటే బాగుండదని
అవునన్నాను.
అప్పట్నుంచి పొద్దున్నే
జాబితా చూసి ఒకదాన్ని పిలుస్తోంది,
జ్ఞాపకం చూసి నిన్నటివాటినీ పిలుస్తోంది,
రాత్రి పడుకోబోయే ముందు
అన్నిటినీ కలిపి మూట కడుతోంది.
గొంతు నులిమిన రాత్రి మాత్రం
మూట కట్టుకునే వ్యవధి ఇవ్వలేదు నేను.

చెప్పింది చెప్పినట్టు చేసిన పాపానికి
వారం రోజులు నా నోట
నానా తిట్లూ తిన్నది.

టిక్కు తీసేశాను.
దాచిన నిన్నలన్నీ చెరిపేశాను.
బటన్ నొక్కి, ఎందుకో ఊపిరి బిగబట్టాను.
నలుపు, అక్షరాలు, నీలం,
ఒకే ఒక్క కాలిక్యులేటర్
సున్నా చూపిస్తూ.
మోర్సియా ఖాతా తీసెయ్యలేదు,
రేపెప్పుడైనా సాక్ష్యానికి పనికొస్తుంది.

ఇంతలో గుమ్మంలో ఒర్తెన్సియా,
కోటు కింద దాచి తెచ్చిన మిషన్:
"దానంతటదే ఒక్కచోటే కుట్టుకుంటూ పోతోంది,
దయ్యం పట్టినట్టు."
కూర్చో, అన్నాను, కెటిల్ పొయ్యి మీదికి జరుపుతూ,
బాగా కుట్టిన ఆఖరి రోజున
దాన్ని నువ్వేం చేశావు?
"నేనా? ఏమీ చెయ్యలేదు" అంది.

మొదట అందరూ అలాగే అంటారు.