తలల లెక్క

వ్యానెక్కేముందు తలలు లెక్కపెట్టడం
మా ఇంటి ఆచారం.
కోషిత్సెలో బయల్దేరింది మొదలు
పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు
ఐదు సరిహద్దులు దాటించాను నలుగురినీ.
ఒక్క తల తగ్గలేదు.
ఒక బూటు తగ్గింది, రెండు టూత్‌బ్రష్షులు తగ్గాయి,
మా ఆయన ఇమ్రిహ్ ఓపిక బల్గేరియాలోనే అయిపోయింది.

కహేతిలో పుచ్చకాయ కొందామని ఆగాం.
జార్జియాలో కాయొక్కటే కొనడం కుదరదని
మాకెవరూ చెప్పలేదు.
నానూలీ చేతిలో డబ్బు పెట్టబోతే
ఆవిడ మా చేతుల్లో పళ్ళేలు పెట్టింది.
ద్రాక్షపందిరి కింద బల్ల, బల్ల చుట్టూ ఊరు,
జున్ను కక్కే రొట్టె,
దారానికి గుచ్చి ద్రాక్షపాకంలో ముంచిన అక్రోట్లు.
కొవ్వొత్తులనుకుని మా వెందెలీన్ అగ్గిపెట్టె అడిగాడు.
ఓ పెద్దాయన లేచి
శాంతి పేర తాగాడు, అమ్మల పేర తాగాడు,
చివరికి మా గేరుబాక్సు పేర కూడా తాగాడు.
ఇమ్రిహ్ ఎవరినీ నొప్పించలేదు.
స్టీరింగు నాది గనక నాకు పచ్చరంగు సోడా.

చీకటి పడింది.
వీడ్కోలు కౌగిళ్ళు అయ్యాయి, మళ్ళీ మొదట్నుంచీ అయ్యాయి.
వ్యాన్లోకి తొంగిచూశాను.
ఒకటి, రెండు, మూడు,
అదిగో బోజ్కా నీలంటోపీ, నాలుగు.
పద.

నలభై కిలోమీటర్లు.
వెనకసీట్లో కొట్లాట లేదు.
అప్పుడే అనుమానం రావలసింది నాకు.
"మామా," అంది దొరోతా
(మా పిల్లలు అమ్మని అలాగే పిలుస్తారు)
వాతావరణ వార్తలు చదివే గొంతుతో,
"బోజ్కాకి జార్జియన్ వచ్చేసింది."

టార్చి వేశాను.
టోపీ కింద ముందుపళ్ళు లేని మగపిల్లాడు,
గడ్డానికి అంటుకుని ఒక పుచ్చగింజ.
పేరు వాజా. నానూలీ కొడుకు.
మడతమంచం ఎలా విప్పుతారో చూద్దామని ఎక్కాడు.
చూశాడు. నచ్చింది. ఉండిపోయాడు.
ఎక్కడికని కూడా అడగలేదు, పెద్దమనిషి.

వ్యాను గిర్రున తిప్పాను.
గుండె గొంతులోకొచ్చి అక్కడే కూర్చుంది.
మొదటి మలుపులో ఇమ్రిహ్ మత్తు దిగింది,
రెండో మలుపులో ఇమ్రిహ్ దిగుతానన్నాడు.

అక్కడి కథ తర్వాత తెలిసింది.
నానూలీ కూడా తలలే లెక్కపెట్టుకుందట.
చాపమీద, ఒకే దుప్పటి కింద ఐదు.
సరిపోయాయి. దీపం తగ్గించింది.
అప్పుడు లేచింది మా మూడేళ్ళది, "మామా!" అని.

ఆ భాషలో మామ అంటే నాన్న.
అయ్యో, తండ్రి కావాలంటోంది పిల్ల!
తండ్రేమో వ్యాన్లో వెళ్ళిపోయాడు,
ఉన్నవాళ్ళలో ఎవరితోనైనా సర్దుకుంటుందేమోనని
ఊళ్ళో మగాళ్ళందర్నీ వరసగా నిలబెట్టారట.
ఒక్కొక్కడే వంగి మొహం చూపించడం,
ఇది తల అడ్డంగా ఊపడం,
తర్వాతివాడు ముందుకు రావడం.
ఈ హడావిడిలో వాజా ఊసు ఎవరికీ తట్టలేదు.

మేం వెళ్ళేసరికి
పద్దెనిమిదోవాడి భుజాలమీద ఉంది,
వాడి మీసాలు రెండు చేతులా పట్టుకుని, పగ్గాల్లా.
నేను ఏడుస్తూ చేతులు చాస్తే
"ఆగు," అంది, "ఇంకా నలుగురున్నారు."

నానూలీ, నేనూ ఒకరినొకరు చూసుకున్నాం.
ఆవిడ ఐదు వేళ్ళు చూపింది. నేను నాలుగు చూపాను.
తిట్టుకోడానికి ఉమ్మడి భాష లేక
బల్లమీద తలలు ఆనించి నవ్వాం, కక్కసం వచ్చేదాకా.
పెద్దాయన మళ్ళీ లేచాడు.
ఈసారి గణితశాస్త్రం పేర.

ఆ రాత్రి అక్కడే, పందిరి పక్కనే ఆపుకున్నాం.
నిద్రపట్టక మూడుసార్లు లేచాను.
మూడోసారి టార్చి వేసి
పేర్లు పిలుస్తూ, ముక్కులు తడుముతూ లెక్కపెట్టాను.
వెందెలీన్. దొరోతా. చిబోర్. బోజ్కా.
ఇంకో తల.

ముక్కు లేదు.
చల్లగా, నున్నగా, గుండ్రంగా
నీలంటోపీలో పుచ్చకాయ.

దుప్పటి సరిచేసి పడుకున్నాను.