మూడు కోట్లు

టక్.
అంతే.
నెలా పదకొండు రోజుల పని మీద
ఆ ఒక్క చప్పుడు పడింది.

తాళం మళ్ళీ తిప్పాను. టక్.
పుదుపేటలో సాయంత్రం ఆరు.
కూవం గాలి షెడ్డులోకి అడక్కుండా వచ్చి కూర్చునే వేళ.
వండలూరు దగ్గర పుట్టిన స్టాండర్డ్ హెరాల్డ్
బానెట్టంతా ముందుకు వాల్చి
డాక్టరు ముందు పిల్లలా నోరు తెరుచుకుని ఉంది.
పెరంబూరు లోకోలో ఫిట్టరుగా దిగిపోయిన ఆస్మండ్ గారు,
బండి ఆయనదే, స్టూలు మీంచి ఏమీ అనలేదు.
ఏదో ఒకటి అంటే బాగుండేది.

లోపల ఉన్నవన్నీ నా చేతులు బిగించినవే.
ముత్తువేల్ లేత్‌లో అరగదీయించిన క్రాంకు,
కొత్త బేరింగులు, కొత్త రింగులు,
ఏ బోల్టుకి ఎంత బిగువో నోటుబుక్కులో ఉంది.
లెక్క తెలుగులో, తిట్టు అరవంలో,
మా వీధి ఆనవాయితీ.
అయినా మనసు నేరుగా లోపలికే పోతుంది.
రెండో టోపీ మూడోదానికి వేశానా?
రింగు అంచు చిట్లిందా?
తుడిచిన గుడ్డపీలిక ఏదైనా, ఎక్కడైనా...

"పట్టేసిందేమోన్నా," అన్నాడు కదిరేశన్.
రోగి గదిలో అనకూడని మాటలుంటాయి,
షెడ్డులో అదొకటి.

నాలుగు ప్లగ్గులూ ఊడదీసి
ముందు పుల్లీ నట్టుకి పానా వేసి
ఒంటి బరువంతా ఆన్చాను.
తిరిగింది.
కొత్త తిరగలిలా బిరుసుగానే, కానీ తిరిగింది.
ప్లగ్గు బొక్కల్లోంచి ఉస్సుమని గాలి.
పట్టేసింది నా గుండె, ఇంజను కాదు.

మరైతే?
బ్యాటరీ పన్నెండున్నర, పొంగుతోంది.
హెడ్‌లైటు వేసి తాళం తిప్పితే
టక్ అంటుందే గానీ గోడ మీద వెలుగు
రెప్ప కూడా వాల్చదు.
స్టార్టరు విప్పి నేల మీద పెట్టి తీగలు తగిలిస్తే
గాలం తెగిన చేపలా ఎగిరి తిరిగింది.
మళ్ళీ బిగిస్తే, టక్.

ఎనిమిదిన్నర.
ఎదురు కొట్టులో కొత్తు పరోటా దడదడ మొదలైంది.
ఈ వీధిలో అదొక్కటీ
మొదటి దెబ్బకే అందుకుంటుంది.

"అన్నా, చోక్ తీగ కాలుతోంది."
"చల్ల ఇంజనులో కాలేదేముందిరా, వెధవా."
"పట్టుకుని చూడన్నా."
పట్టుకున్నాను.
చూపుడువేలు మీద ఇప్పటికీ గీత ఉంది.

కరెంటు బ్యాటరీలోంచి బయల్దేరాక
తిరిగి బ్యాటరీకి చేరాల్సిందే.
పెద్ద వీధి మూసేస్తే ఆగదు,
సందులో దూరి, గోడ దూకి,
గడ్డిపోచంత తీగ పట్టుకుని
ఒళ్ళు కాల్చుకుంటూ పోతుంది.
పెద్ద వీధి మూసిందెవరు?

నేనే.
పోయిన ఆదివారం, ఎవరూ అడక్కుండా,
మూడుసార్లు రంగు కలిపించుకుని
బ్లాకుకి పచ్చ పెయింటు కొట్టాను.
బానెట్టు కింద ఎవరు చూస్తారని కదిరేశన్ నవ్వాడు,
"ఆయన వెయ్యి ఇచ్చాడు, నువ్వు మూడు కోట్లు పోశావు."
ఒక్కొక్క కోటూ ఆరనిచ్చి, మూల మూలకీ,
అల్లిన రాగి పట్టీ కూర్చోవాల్సిన చోటుకి కూడా.
ఇనుము ఇనుముగా ఉండాల్సిన
ఆ అర్ధరూపాయంత జాగా
అన్నిటికన్నా నున్నగా వచ్చింది.

ఆకురాయి తీసుకున్నాను.
నా పచ్చని నేనే గీకుతుంటే
అప్పుడు నోరు విప్పారు ఆస్మండ్ గారు,
"లోకోలో కూడా ఒకసారి నేను..."
ఆపేశారు. నేనూ అడగలేదు.
గీకినచోట తెల్లగా మెరిసే దాకా లైటు మాత్రం
వణక్కుండా పట్టుకున్నారు.

పట్టీ బిగించి తాళం తిప్పితే
తిరిగింది, బరువుగా, నిద్రలో పక్కకి ఒత్తిగిల్లినట్టు,
మళ్ళీ, మళ్ళీ.
అంటుకోలేదింకా.
పెట్రోలు ఎక్కాలి, టైమింగు చూడాలి,
అది రేపటి గొడవ.

ముగ్గురం ఎదురు కొట్టుకి పోయాం.
సబ్బుతో రెండుసార్లు కడిగినా
పరోటా చించుతుంటే
గోళ్ళ కింద పచ్చ.